లిథువేనియనా, లాత్వియనా: ముందు ఏది నేర్చుకుంటే మేలు?

మా అక్క కొడుకు రీగాలో చదువుకుంటున్నాడు. ఇంటర్‌లో వాడి పక్క బెంచీ కుర్రాడు కౌనస్‌లో మెడిసిన్ చేస్తున్నాడు. ఒకటి లాత్వియా, ఇంకోటి లిథువేనియా. నాకు భాషల పిచ్చి ఉందని తెలిసి ఇద్దరూ ఆ మధ్య సూపర్‌మార్కెట్ బిల్లులు ఫొటో తీసి పంపారు. "మామయ్యా, ఈ రెండూ ఒకే భాషా, వేర్వేరా? ఒకటి నేర్చుకుంటే రెండోది ఫ్రీగా వస్తుందా?" అని ప్రశ్న.

బిల్లులు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. పాలు కౌనస్‌లో పియెనస్, రీగాలో పియెన్స్. ఇక్కడిదాకా అక్కాచెల్లెళ్లే. రొట్టె దగ్గరికొచ్చేసరికి దారి మారింది: అక్కడ దువొనా, ఇక్కడ మైజె. బంగాళాదుంపలు అక్కడ బుల్వేస్, ఇక్కడ కర్తుపెల్యి. టీ పొడి అక్కడ అర్బాతా, ఇక్కడ తేయ (మన తేయాకులో ఉన్న ముక్కే). చివరి రెండు లైన్లు చూసి మాత్రం నవ్వొచ్చింది. పంచదార అక్కడ ట్సుక్రుస్, ఇక్కడ ట్సుకుర్స్. మిరియాలు పిపిరై, పిపారి. శర్కర అరబ్బుల నోట సుక్కర్ అయి, జర్మన్ల నోట ట్సుకర్ అయి అక్కడికి చేరింది. మన పిప్పలి గ్రీకు, లాటిన్ల మీదుగా వెళ్లింది. ఇద్దరు పిల్లలూ అంత దూరం పోయి మన సరుకే వాళ్ల పేర్లతో కొనుక్కుంటున్నారు.

బిల్లులో కనిపించిన తేడాకి కారణం చరిత్రే. 1201లో బిషప్ ఆల్బర్ట్ రీగా పట్టణాన్ని స్థాపించిన నాటి నుంచి లాత్వియన్ల నెత్తిన జర్మన్ దొరలు కూర్చున్నారు. ఏలికలు మారినా భూస్వాములు మాత్రం 20వ శతాబ్దం దాకా జర్మన్లే. అందుకే జర్మన్ కార్టోఫెల్ లాత్వియన్ నోట కర్తుపెలిస్ అయింది. బడి స్కువొల, కళ్లజోడు బ్రిల్లెస్, ఆట స్పేలె, అన్నీ అటు నుంచి వచ్చినవే. లిథువేనియాకేమో సొంత రాజ్యం ఉండేది. తర్వాత అది పోలండ్‌తో జతకట్టింది, 1569లో రెండూ ఒకే రాజ్యమయ్యాయి. అందుకే టీకి పోలిష్ హెర్బాతా, దుంపకి పోలిష్ బుల్వా దక్కాయి. కళ్లజోడుకి మాత్రం వాళ్లు సొంతంగా అకినియై అన్నారు. అకిస్ అంటే కన్ను, మన అక్షి.

ఇలా చెబితే "ఓహో, లిథువేనియన్ స్వచ్ఛం, లాత్వియన్ కల్తీ" అనేవాళ్లు ఉన్నారు. ఆ తీర్పుతోనే నాకు పేచీ. 1864 నుంచి 1904 వరకు, అప్పట్లో అక్కడ ఏలుతున్న రష్యా ప్రభుత్వం లాటిన్ లిపిలో లిథువేనియన్ పుస్తకాలు అచ్చేయకుండా నిషేధించింది. పక్కనే ఉన్న జర్మన్ రాజ్యం ప్రష్యాలో అచ్చేసిన పుస్తకాలను మూటలు కట్టి, దొంగచాటుగా సరిహద్దు దాటించిన వాళ్లను క్నిగ్నెషియై, అంటే పుస్తకాలు మోసేవాళ్లు, అని ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. ఆ పేరులో ఉన్న క్నిగా, పుస్తకం, స్లావిక్ భాషల నుంచి తెచ్చుకున్న మాట! లాత్వియాదీ అలాంటి కథే. రీగా నడిబొడ్డున 1935లో ఆవిష్కరించిన స్వాతంత్ర్య స్మారకం మీద "మాతృభూమికీ స్వేచ్ఛకీ" అన్న అర్థం వచ్చే మాటలు చెక్కారు. అందులో స్వేచ్ఛకు వాడిన బ్రీవీబ పుట్టింది బ్రీవ్స్ అనే మాట నుంచి, ఆ బ్రీవ్స్ వచ్చింది పాత జర్మన్ నుంచి. దొరల మాటతోనే దొరల నుంచి విడుదల రాసుకున్నారు. అందులో చిన్నతనం ఏముంది? మనం ఖైదు, జరిమానా, విడుదల అన్నీ ఒకే వాక్యంలో వాడతాం కదా.

పైగా లిథువేనియన్‌లో ఇప్పుడు కనిపించే శుభ్రతలో సగం చేత్తో ఏరినదే. యోనస్ యబ్లొన్‌స్కిస్ వంటి పండితులు 20వ శతాబ్దం మొదట్లో కూర్చుని, బియ్యంలో రాళ్లేరినట్టు స్లావిక్ మాటలు ఏరేశారు.

లాత్వియన్‌కి ఇంకో సంపద ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. సముద్రతీరంలో లివోనియన్లనే జనం ఉండేవాళ్లు. వాళ్ల భాష ఎస్టోనియన్, ఫిన్నిష్‌లకు చుట్టం, లాత్వియన్‌కి అసలు చుట్టమే కాదు. ఆ ఇరుగుపొరుగు సావాసంలో లాత్వియన్‌లోకి ఇల్లు (మాయ), కుర్రాడు (పుయిక), పెళ్లి (కాజస్), డబ్బు చెల్లించడం (మక్సాత్) వచ్చాయి. ఇల్లు, పెళ్లి, చెల్లింపులు: ఇవి దొరల నుంచి వచ్చే మాటలు కావు, కంచం పంచుకుంటే వచ్చేవి. లివోనియన్ మాతృభాషగా ఉన్న చివరి మనిషి గ్రిజెల్దా క్రిస్తిన్య 2013లో కెనడాలో కన్నుమూశారు. ఆ భాష ఆనవాళ్లు లాత్వియన్ నోట్లో రోజూ పలుకుతూనే ఉన్నాయి.

ఇక మన వాట్సాప్‌లో తిరిగే "లిథువేనియన్ సంస్కృతానికి చెల్లెలు" సంగతి. చెల్లెలు కాదు గానీ, దూరపు చుట్టం కచ్చితంగా. వాళ్లకో సామెత ఉంది: "దియెవస్ దావే దంతిస్, దియెవస్ దువొస్ దువొనొస్." దేవుడు దంతాలిచ్చాడు, రొట్టె కూడా ఇస్తాడని. నారు పోసినవాడు నీరు పోయడా అన్నమాట. దేవ, దంత అక్కడే ఉన్నాయి. దువొనా మన ధాన్యంలోని ధానాకి తోబుట్టువు. అదే మాటని లాత్వియన్‌లోకి మారిస్తే దంతం పోయి జువొబ్స్ వస్తుంది, ధానా పోయి మైజె వస్తుంది. తోడేలు లిథువేనియన్‌లో విల్కస్, వృకోదరుడిలోని వృకం. కొడుకు సూనుస్, పవనసూనుడిలోని సూనుడు. లాత్వియన్‌లో కొడుకు దేల్స్.

అలాగని ఆట ఏకపక్షం కాదు. జువొబ్స్ కూడా సంస్కృత జంభానికి చుట్టమే, అదీ పన్నే. రక్తం చూడండి: లిథువేనియన్ క్రౌయస్ మన క్రవ్యాదుడిలో (పచ్చిమాంసం తినేవాడు) ఉంటే, లాత్వియన్ అసినిస్ మన అసృక్కులో (సంస్కృతంలో రక్తమే) ఉంది. ఇద్దరు అన్నదమ్ములు ఇల్లు పంచుకుని, ఒకడు బిందె, ఒకడు చెంబు తీసుకుపోయినట్టు. బతికున్న అనే మాట లిథువేనియన్‌లో గీవస్, లాత్వియన్‌లో ద్జీవ్స్. చెవికి మన జీవుడు ఏ పక్కన వినిపిస్తున్నాడు?

ఆ ద్జ దగ్గరే మనకో లాభం ఉంది. లిథువేనియన్ క, గ లు ఇ, ఎ ల ముందు లాత్వియన్‌లో త్స, ద్జ అవుతాయి. ఇంకొకటి అనే కితస్ అక్కడ త్సిత్స్, అయిదు అనే పెన్కి అక్కడ పియెత్సి. ఇంగ్లీషువాళ్లు ఆ త్స ని మాట మొదట్లో పలకడానికి తంటాలు పడతారు. మనం చుక్క, చాప అన్నప్పుడు పలికేది ఆ త్స నే, జల్లు అన్నప్పుడు పలికేది ఆ ద్జ నే. హ్రస్వం, దీర్ఘం తేడా కూడా మనకు పుట్టుకతో వచ్చిందే. లాత్వియన్‌లో దీర్ఘం ఉంటే అక్షరం మీద గీత పెడతారు. ఊనిక, అంటే మాటలో నొక్కి పలికే చోటు, దాదాపు ఎప్పుడూ మొదటి అక్షరం మీదే. లిథువేనియన్‌లో ఊనిక ఎక్కడ పడుతుందో, విభక్తి మారితే ఎక్కడికి దూకుతుందో, రాతలో చూపించరు. అక్కడ పెద్దపెద్దవాళ్లే నిఘంటువు తీస్తారు. మాట్లాడటమే పనైతే లాత్వియన్ సులువు, ఇందులో నాకు సందేహం లేదు.

పరాయి పేరుకు తోక తగిలించకుండా వదలకపోవడంలో మాత్రం రెండూ మనకు దగ్గరే. మనం బస్‌ని బస్సు చేసినట్టు వాళ్లు ఔతొబుసస్, ఔతొబుస్ అంటారు. షేక్స్‌పియర్ అక్కడ షెక్స్‌పీరస్, ఇక్కడ షెక్స్‌పీర్స్.

మరి ముందు ఏది? ఊరితో సంబంధం లేకుండా, ఊరికే ఇష్టంతో నేర్చుకునేవాళ్లకి నేను లిథువేనియన్ అంటాను. స్వచ్ఛత కోసం కాదు, లెక్క కోసం. క్రొత్త, ప్రొద్దు, మ్రాను తెలిసినవాడికి కొత్త, పొద్దు, మాను చెప్పక్కర్లేదు. కొత్త ఒక్కటే తెలిసినవాడు ఆ ర ఉందో లేదో ఊహించలేడు. విల్కస్ నుంచి అ తీసేస్తే లాత్వియన్ విల్క్స్, చెయ్యి అనే రన్‌క లో న కరిగితే లాత్వియన్ రువొక. పడగొట్టడం తేలిక, పడిపోయినదాన్ని నిలబెట్టడమే కష్టం. కాకపోతే అడవిలో ఈ సూత్రం నమ్ముకోకండి. బ్రియెదిస్ అంటే లిథువేనియాలో గుర్రానికి తీసిపోని ఎత్తుండే మూస్ దుప్పి, లాత్వియాలో మామూలు జింక. వెయికలస్ అక్కడ రచన, వెయికల్స్ ఇక్కడ కొట్టు.

ఇదంతా మెసేజ్‌లో రాస్తే మావాడు, "మామయ్యా, నేనుండేది రీగాలో" అన్నాడు. నిజమే, వాడికి లాత్వియన్ తప్ప వేరే దారి లేదు. మొన్న ఫోన్‌లో దర్జాగా పల్దియెస్ అని థాంక్స్ చెప్పాడు, మొదటి అక్షరాన్ని బాగా నొక్కి. ఊనిక రెండో అక్షరం మీద పడే కొద్ది మాటల్లో అదొకటని ఇంకా చెప్పలేదు.