బ్రాడీపేట గ్రూప్-2 నోట్సు: సమావేశాల అధ్యాయం బాగుంది, సభ్యత్వ అధ్యాయం దిద్దాలి

గుంటూరు బ్రాడీపేటలోని ఒక కోచింగ్ కేంద్రం గ్రూప్-2 అభ్యర్థుల కోసం రాష్ట్ర శాసనవ్యవస్థపై వేసిన నోట్సును ఆసాంతం చదివాను. ధర 180 రూపాయలు. సమావేశాల అధ్యాయం కోసం దీన్ని తప్పక కొనవచ్చు కానీ, సభ్యత్వ అధ్యాయాన్ని నమ్ముకుని పరీక్షకు వెళ్లకూడదు.

సమావేశాల గురించి రాసినవారు రాజ్యాంగాన్ని పక్కన పెట్టుకుని రాశారని పేజీ పేజీకీ తెలుస్తుంది. 174వ అధికరణ ప్రకారం ఏడాదికి రెండు సమావేశాలు జరపాలని చాలామంది బట్టీ పడతారు. ఒక సమావేశం చివరి రోజుకూ తర్వాతి దాని తొలి రోజుకూ మధ్య ఆరు నెలల విరామం రాకూడదన్నదే అసలు నిబంధన అని ఇందులో తేదీలు వేసి చూపారు. సభను వాయిదా వేసేది స్పీకర్ అనీ, ప్రోరోగ్ చేసేది, అంటే ఆ సమావేశాన్నే ముగించేది గవర్నర్ అనీ, ప్రోరోగ్ చేసినంత మాత్రాన పెండింగ్ బిల్లులు రద్దు కావనీ స్పష్టంగా చెప్పారు. మన రాష్ట్రంలోనూ చర్చకు వచ్చిన 60 రోజుల గైర్హాజరు నిబంధనపై (అనుమతి లేకుండా అన్ని రోజులు సభకు రాని సభ్యుడి స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు) ఇచ్చిన వివరణ మరీ బాగుంది: వరుసగా నాలుగు రోజులకు మించి సభ వాయిదా పడిన కాలం ఆ లెక్కలోకి రాదు, గడువు దాటినా సభ ప్రకటించేదాకా స్థానం ఖాళీ కాదు.

సభ్యత్వ అధ్యాయం పాత ముద్రణ నుంచి యథాతథంగా దించినట్టుంది. ఆంగ్లో ఇండియన్ వర్గం నుంచి గవర్నర్ చేసే ఒకరి నామినేషన్‌ను కలిపి అసెంబ్లీ సభ్యులు 176 మంది అని రాశారు. 104వ సవరణతో 2020లోనే ఆ నామినేషన్ ముగిసింది, ఇప్పుడున్నది 175 మందే. శాసన మండలిలోని 58 స్థానాల విభజన సరిగానే ఉంది కానీ, కోరం (సభ జరగడానికి కావలసిన కనీస హాజరు) ఆరుగురని వేశారు. పదోవంతు లేదా పది మంది, వీటిలో ఏది ఎక్కువైతే అది కోరం కాబట్టి మండలికి పది మంది ఉండాలి. 1985లో రద్దయి 2007లో తిరిగి ఏర్పడిన మండలి కథను 2020 నాటి రద్దు తీర్మానంతో ఆపేశారు; ఆ తీర్మానాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్న సంగతి లేకపోతే, మండలి ఇప్పుడు లేదనుకునే ప్రమాదం ఉంది.

పల్నాడు, ప్రకాశం పల్లెల నుంచి వచ్చి, గది అద్దె కట్టుకుంటూ చదివే పిల్లలు ఈ నోట్సు కొంటున్నారు. తప్పు జవాబుకు మూడోవంతు మార్కు కోత పడే పరీక్షలో ఇలాంటి పొరపాటు వారికి ఉద్యోగాన్నే దూరం చేయవచ్చు. కొత్త ముద్రణ దాకా ఆగకుండా, ఇప్పటికే అమ్మిన ప్రతులకు సైతం సవరణల కాగితాన్ని కేంద్రంవారు ఉచితంగా ఇవ్వాలి.