మాటిమాటికీ హ్యాంగ్ అయ్యే పాత డెస్క్‌టాప్‌కి ఈ ఎస్‌ఎస్‌డి వేశాను: 4 స్టార్లు

ఈ ఎస్‌ఎస్‌డి (హార్డ్ డిస్క్ బదులు వేసుకునే, లోపల తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) కొని మూడు నెలలైంది. మొదటి రెండు వారాల్లోనే రివ్యూ రాసి ఉంటే ఒక్క స్టార్ ఇచ్చి నాలుగు తిట్లు కూడా తిట్టేవాణ్ణి. ఆగడమే మంచిదైంది, ఎందుకో కిందకి వెళ్తే మీకే తెలుస్తుంది.

నాది ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్ ఉన్న పాత డెస్క్‌టాప్, అందులో 1 టీబీ హార్డ్ డిస్క్. నిదానంగా నడవడం ఎప్పటినుంచో ఉన్నదే, దానికి అలవాటు పడిపోయాం, ఆన్ చేసి స్నానానికి వెళ్లొస్తే అప్పటికి తయారై ఉండేది. కానీ ఈమధ్య కొత్త జబ్బు మొదలైంది. మౌస్ బాణం కదులుతుంది, దేనిమీద నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు, అర నిమిషం, ఒక్కోసారి రెండు నిమిషాలు అలాగే బిగుసుకుపోయి, ఆ తర్వాత నేను విసుగొచ్చి టకటకా నొక్కినవన్నీ ఒకేసారి తెరుచుకుని ఐదారు విండోలు మీద పడేవి.

అందరూ చేసేవే నేనూ చేశాను. స్టార్టప్‌లో అక్కర్లేనివన్నీ ఆపేశాను, వైరస్ స్కాన్ పెట్టాను, కంప్యూటర్‌ని పరుగెత్తిస్తానని చెప్పుకునే క్లీనర్ ఒకటి కూడా వేశాను (వందల కొద్దీ సమస్యలున్నాయని భయపెట్టి, బాగు చెయ్యాలంటే డబ్బు కట్టమంది, వెంటనే పీకేశాను). ర్యామ్ 4 జీబీ నుంచి 8కి పెంచాను. బ్రౌజర్ కాస్త తేలికపడింది గానీ బిగుసుకుపోవడం మాత్రం తగ్గలేదు. నిదానంగా ఉండటం వేరు, మధ్యమధ్యలో ఆగిపోవడం వేరు అని అప్పటికీ నాకు తట్టలేదు, రెండూ ఒకే డబ్బాలో కాపురం పెట్టేసరికి ఒకటే రోగం అనుకున్నాను.

అసలు సంగతి టాస్క్ మేనేజర్‌లో ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ చూడండి. 100 శాతం అని ఉంటే అదొక్కటే చూసి ఆగకండి, దాని కింద రీడ్, రైట్ వేగం ఎంతుందో, సగటు రెస్పాన్స్ టైమ్ ఎంతుందో చూడండి. నా డిస్క్ 100 శాతం బిజీ, కానీ చదువుతున్నది సెకనుకు 1 ఎంబీ కూడా లేదు, రెస్పాన్స్ టైమ్ నాలుగు వేల మిల్లీసెకన్లు దాటింది! బాగున్న హార్డ్ డిస్క్‌కి మామూలుగా పది, ఇరవై మిల్లీసెకన్లు చాలు. అంటే అది పని చెయ్యడం లేదు, ఎక్కడో ఒక సెక్టార్ (డిస్క్‌లో డేటా దాచుకునే చిన్న గడి) చదవలేక అక్కడే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది, అది జవాబిచ్చేదాకా విండోస్ నోరెళ్లబెట్టుకుని చూస్తోంది.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, దాన్ని తెరిస్తే పసుపు రంగులో కాషన్ (జాగ్రత్త) అని చూపించింది. సీ5 అనే వరసలో, అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల లెక్కలో, 58 అని ఉంది. ఫరవాలేదులే అనుకున్నాను, తర్వాత తెలిసింది ఆ అంకెలు హెక్సాడెసిమల్‌లో (పదితో కాకుండా పదహారుతో లెక్కేసే పద్ధతి) ఉంటాయట, అంటే నిజానికి 88! ఇక ఆలస్యం చెయ్యకుండా ఫొటోలు, కాగితాల స్కాన్‌లు బయటి డిస్క్‌లోకి ఎక్కించుకున్నాను. ఈ స్థితిలో చెక్‌డిస్క్‌తో (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) బాగు చేద్దామని దిగకండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని ఈ చివర నుంచి ఆ చివరదాకా చదివిస్తే ఉన్న కాస్త ప్రాణం పోవచ్చు, ముందు బ్యాకప్, తర్వాతే ఏదైనా.

అప్పుడు కొన్నాను దీన్ని. 500 జీబీ, సాటా రకం, అంటే పాత హార్డ్ డిస్క్‌లాగే కేబుల్‌తో తగిలించేది. నా బోర్డుకి ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డిని కేబుల్ లేకుండా నేరుగా బోర్డులోనే గుచ్చే చోటు) లేదు, కాబట్టి వేరే దారి లేదు. విండోస్‌లో 465 అని కనపడుతుంది, మోసమేమీ లేదు, కంపెనీ వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1024తో లెక్కేస్తుంది, దానికే ఒక్క స్టార్ ఇచ్చిన వాళ్లని చూసి జాలేసింది. క్లోన్ చేద్దామని, అంటే పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు దీంట్లోకి దించుదామని చూస్తే 37 శాతం దగ్గర ఆగిపోయింది, పాడైన డిస్క్ కదా, ఆగకేం చేస్తుంది. చివరికి విండోస్ 10 కొత్తగా వేసుకున్నాను (ఈ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు, 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఆ తలనొప్పి వేరే). ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ తీసి పక్కన పెట్టండి, లేకపోతే బూట్ ఫైళ్లు (విండోస్ మొదలవడానికి కావాల్సినవి) దాంట్లోకి వెళ్లి కూర్చునే ప్రమాదం ఉంది.

తేడా చెప్పక్కర్లేదు. ఇదివరకు ఆన్ చేశాక వాడుకోవడానికి నాలుగైదు నిమిషాలు పట్టేది, ఇప్పుడు అర నిమిషం లోపే.

పది రోజులకి మళ్లీ హ్యాంగ్. అచ్చం అదే తీరు. నాకు ఒళ్లు మండిపోయింది, రిటర్న్ పెట్టడానికి పేజీ కూడా తెరిచాను. ఎందుకైనా మంచిదని మళ్లీ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చూస్తే సీ5 సున్నా, కానీ సీ7 వరసలో, అంటే కేబుల్ మీద పోయే డేటాలో వచ్చే తప్పుల లెక్కలో, అంకె రోజురోజుకీ పెరుగుతోంది. పాత డిస్క్‌కి వాడిన సాటా కేబులే దీనికీ తగిలించాను, తప్పు దానిది. కొత్త కేబుల్ వేశాక ఆ అంకె ఉన్నచోటే ఉంది (తగ్గదు, పెరగకపోతే చాలు), రెండు నెలలు దాటింది, ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇది వేస్తే ప్రతి నిదానం పోతుందనుకోకండి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఖాళీగా ఉండి సీపీయూ 100 కొడుతుంటే ఏ ప్రోగ్రామ్ తింటోందో వెతకాలి, ఫ్యాన్‌లో దుమ్ము కూడా చూడాలి. మౌస్ బాణం కూడా కదలకుండా మొత్తం రాయిలా అయిపోయి పవర్ బటన్ నొక్కితే తప్ప లేవకపోతే ర్యామ్‌నో పవర్ సప్లైనో అనుమానించాలి. ర్యామ్‌కి విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది, రాత్రి పెట్టి పడుకోవచ్చు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, 60 జీబీ వీడియోలు ఒకేసారి కాపీ చేస్తే మొదట్లో సెకనుకు 400 ఎంబీ పైన పరుగెత్తి, సగం దాటాక 80కి పడిపోయింది. లోపల ఏ రకం చిప్ వాడారో పెట్టె మీద ఎక్కడా రాయలేదు. రోజువారీ వాడకానికి ఇది తెలియను కూడా తెలియదు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి మాత్రం తెలుస్తుంది. పెట్టెలో కేబుల్ రాదు, స్క్రూలు కూడా రావు. స్క్రూలు లేకపోయినా నడిచిపోతుంది, కేబుల్ మాత్రం దీంతోపాటే కొత్తది తెప్పించుకోండి.