అమెరికా బీటెక్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఇంటర్ ఎంపీసీ అవగానే పిల్లల్ని నేరుగా అమెరికాలో ఇంజినీరింగ్‌కి పంపాలనుకునే కుటుంబాలకు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో "అన్నీ మేమే చూసుకుంటాం" ప్యాకేజీలు అమ్ముతున్నారు. కాలేజీల లిస్టు, ఎస్సేలు, రికమండేషన్ లెటర్లు, బ్యాంకు పేపర్లు, వీసా అన్నీ వాళ్ళవే. మీరు లక్షల్లో ఫీజు కట్టి, పాస్‌పోర్టు కాపీ, మార్కుల మెమోలు ఇచ్చి ఇంటికి వెళ్ళిపోవచ్చు. భయపడాల్సింది సరిగ్గా ఈ మాటకే. అప్లికేషన్ చివర "ఇందులో ఉన్నదంతా నిజం, నేను రాసిందే" అని ఒప్పుకుని సంతకం చేసేది విద్యార్థి. లోపల ఎవరు ఏం రాసినా జవాబు చెప్పుకోవాల్సింది ఆ పిల్లో పిల్లవాడో తప్ప కన్సల్టెన్సీ కాదు. కాబట్టి ఎవరి సాయం తీసుకున్నా ఏ పని వాళ్ళ చేతికి ఇవ్వకూడదో ముందే తెలిసి ఉండాలి.

లాగిన్ ఎవరి దగ్గర ఉంది?

మోసం ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. పిల్లల పేరు మీద కొత్త జీమెయిల్ తెరుస్తారు, రికవరీ ఫోన్ నంబరు మాత్రం ఆఫీసుది పెడతారు. చాలా అమెరికా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే కామన్ యాప్, ఎస్ఏటీ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డ్, ఒక్కో యూనివర్సిటీ పోర్టల్ అన్నీ ఆ మెయిల్‌తోనే. ఇక యూనివర్సిటీ ఏం రాసినా మీకు చేరదు. "ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల రికార్డు) ఇంకా అందలేదు" అని పోర్టల్‌లో నెలరోజులు కనిపిస్తున్నా చూసే దిక్కుండదు, ఫైలు అసంపూర్ణం అని పక్కన పడేస్తారు. ఇంతకంటే ఘోరాలు కూడా ఉన్నాయి. అసలు అప్లై చేయకుండానే రిజెక్ట్ అయిందని చెప్పడం ఒకటి. మంచి చోట వచ్చిన అడ్మిషన్ దాచిపెట్టి తమకు కమీషన్ ఇచ్చే కాలేజీలో డిపాజిట్ కట్టించడం ఇంకొకటి.

మెయిల్, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్ పిల్లలవే అయి ఉండాలి. సలహా ఇచ్చేవాళ్ళకు అప్లికేషన్ పీడీఎఫ్ ప్రివ్యూ చూపిస్తే చాలు, లాగిన్ అక్కర్లేదు. అప్లికేషన్ ఫీజు మీ కార్డుతో మీరే నేరుగా కట్టండి. సాధారణంగా ఒక్కో కాలేజీకి 50 నుంచి 90 డాలర్లు ఉంటుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు బయటి దేశాల వాళ్ళు ఒక్కో క్యాంపస్‌కు 95 డాలర్లు కట్టాలి. ఫీజే తీసుకోని కాలేజీలు కూడా కొన్ని ఉన్నాయి, వాటికీ మీ దగ్గర వసూలు చేసే కన్సల్టెన్సీలున్నాయి. కార్డు స్టేట్‌మెంట్ మీ దగ్గరుంటే ఎన్ని కాలేజీలకు అప్లై అయిందో ఇంకొకరిని అడగక్కర్లేదు. సబ్మిట్ చేసిన ప్రతి అప్లికేషన్ పీడీఎఫ్ దించుకుని దాచుకోండి.

ఇప్పటికే లాగిన్ ఇచ్చేశారా? ఈరోజే పాస్‌వర్డు, రికవరీ నంబరు మార్చి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. కామన్ యాప్ సెట్టింగుల్లో మెయిల్ ఐడీ మార్చుకునే వీలుంది. లోపలికే వెళ్ళలేకపోతే విద్యార్థే కామన్ యాప్ సపోర్ట్‌కు రాయాలి. తొందరపడి రెండో అకౌంటు తెరవకండి. లెక్చరర్ల లెటర్లు మొదటి అకౌంటుకు అతుక్కుని ఉంటాయి కాబట్టి ఏ లెటరు ఏ ఫైలుదో తెలియక గందరగోళమవుతుంది.

దొంగ కౌన్సెలర్

మన ఇంటర్ కాలేజీల పిల్లలు సులువుగా పడే ఉచ్చు ఇది. కామన్ యాప్‌లో స్కూల్ రిపోర్టు, ట్రాన్స్‌క్రిప్టు, కౌన్సెలర్ (కాలేజీ తరఫున విద్యార్థి గురించి రాసే ఉద్యోగి) లెటరు, టీచర్ల లెటర్లు విద్యార్థి అప్‌లోడ్ చేయడానికి కుదరదు. కాలేజీలోని మనిషికి మెయిల్‌లో లింకు వెళ్తుంది, అతనే పంపాలి. ఎంసెట్, జేఈఈ కోచింగ్‌తో నడిచే కార్పొరేట్ కాలేజీల్లో చాలాచోట్ల కౌన్సెలర్ అనే ఉద్యోగమే ఉండదు. ఈ ఖాళీలోకి కన్సల్టెన్సీ దూరుతుంది. కాలేజీ పేరుతో ఓ మెయిల్ ఐడీ పుట్టిస్తారు, లెటర్‌హెడ్ స్కాన్ చేస్తారు, స్టాంపు తయారు చేయిస్తారు, ప్రిన్సిపాల్‌గా వాళ్ళే సంతకం పెట్టేస్తారు. ఆ ఊపులోనే మార్కులు కూడా పెంచుతారు.

అడ్మిషన్ వచ్చాక ఇది బయటపడే దారులు చాలా ఉన్నాయి. ఒకే కాలేజీ నుంచి వచ్చిన నాలుగు లెటర్లలో ఒకే వాక్యాలు కనిపిస్తాయి. యూనివర్సిటీ నేరుగా మీ కాలేజీకి రాసి కనుక్కుంటుంది. జూన్‌లో పంపే అసలు ఇంటర్ మెమో శీతాకాలంలో చూపించిన మార్కులతో కలవదు. ఇచ్చిన ప్రతి అడ్మిషన్ ఆఖరి మెమో మీద ఆధారపడి ఉంటుందని గుర్తుంచుకోండి, తేడా వస్తే సీటు వెనక్కి తీసుకుంటారు. చేరిపోయాక బయటపడితే అంతకంటే నష్టం. పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో తప్పుడు పత్రాలతో సీటు, ఆర్థిక సాయం సంపాదించిన ఒక భారతీయ విద్యార్థి 2024లో అరెస్టయ్యాడు. కోర్టులో నేరం ఒప్పుకుని, కాలేజీ నుంచి బహిష్కరణకు గురై దేశానికి తిరిగొచ్చాడు.

నిజాయితీగా చేయడం అంత కష్టం కాదు, కాకపోతే పని ముందు మొదలుపెట్టాలి. కామన్ యాప్ కొత్త ఏడాదికి ఆగస్టు 1న తెరుచుకుంటుంది. జులైలోనే వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. కౌన్సెలర్ స్థానంలో ప్రిన్సిపాలో వైస్ ప్రిన్సిపాలో నింపవచ్చు, అది పూర్తిగా సక్రమమే. 9, 10 తరగతుల మార్కులు, ఇంటర్ మొదటి ఏడాది మెమో సిద్ధం చేసుకోండి. ఒక పేజీ స్కూల్ ప్రొఫైల్ కావాలి. ఏ బోర్డు, మొదటి ఏడాది 470, రెండో ఏడాది 530 కలిపి ఎంపీసీకి 1000 మార్కులు ఎలా అవుతాయి, ఎంతమంది చదువుతున్నారు అనేవి అందులో ఉంటే సరిపోతుంది. లెటర్లకు మ్యాథ్స్ లేదా ఫిజిక్స్ లెక్చరర్‌ను అడగండి. ఎంఐటీ ఒక లెటరు సైన్సు వైపు నుంచి, ఇంకొకటి భాషలు లేదా సాంఘిక శాస్త్రాల వైపు నుంచి అడుగుతుంది. అక్కడ ఇంగ్లిష్ లేదా సంస్కృతం లెక్చరర్ పనికొస్తారు. జనవరి, ఫిబ్రవరుల్లో మిడ్‌ఇయర్ రిపోర్టు, ఫలితాలొచ్చాక ఫైనల్ రిపోర్టు కూడా ఆ మనిషే పంపాలి. సరిగ్గా అప్పుడే ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షల హడావుడి ఉంటుంది కాబట్టి ఈ సంగతి ముందే చెప్పి ఒప్పించండి.

కాలేజీ ఎంతకీ కదలకపోతే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దారి ఉంది. అప్లై చేసేటప్పుడు అక్కడ కౌన్సెలర్ రిపోర్టు అడగరు, మార్కులు విద్యార్థే నింపుతాడు. అలాగని ఇష్టమొచ్చినట్టు నింపడానికి లేదు. రాసిన యాక్టివిటీలకు, అవార్డులకు రుజువు చూపమని కొందరిని ఎంపిక చేసి అడుగుతారు, ఎస్సేల్లో కాపీ ఉందేమో కూడా చూస్తారు. డబ్బులు కట్టి పేరు వేయించుకున్న "రీసెర్చ్ పేపరు", పేరుకే ఉన్న ఎన్‌జీఓ ప్రెసిడెంట్ పదవి ఇక్కడే బెడిసికొడతాయి.

మరో సంగతి. మన మార్కుల్ని అమెరికా పద్ధతిలో 4.0 జీపీఏ (సగటు గ్రేడు)గా మార్చి కామన్ యాప్‌లో నింపడం తప్పు. మీ కాలేజీ జీపీఏ ఇవ్వకపోతే ఆ గడిలో లేదనే చెప్పాలి. ఇండియా మార్కుల్ని ఎలా చదవాలో అడ్మిషన్ ఆఫీసులకు తెలుసు.

"ముందు ఏదో ఒక బ్రాంచిలో చేరండి, తర్వాత సీఎస్‌కి మారొచ్చు"

ఈ ఒక్క సలహా నాలుగేళ్ళు, కోట్ల రూపాయలు తినేస్తుంది. లిస్టులో పెద్ద పేరు కనబడాలని తేలికైన మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) అప్లై చేయించి, మారడం చిటికెలో పని అంటారు. వాస్తవం యూనివర్సిటీని బట్టి మారుతుంది. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో కంప్యూటర్ సైన్సు సీటు నేరుగా రానివాళ్ళు వేరే మేజర్‌కు సిద్ధపడే చేరాలని ఆ విభాగమే చెబుతుంది. ఇల్లినాయ్ అర్బానా షాంపేన్‌లోనూ బయటి నుంచి సీఎస్‌లోకి వెళ్ళడం మహా కష్టం. పర్డ్యూలో ఇంజినీరింగ్ వాళ్ళందరూ ముందు ఫస్ట్ ఇయర్ ఇంజినీరింగ్‌లో చేరి తర్వాత బ్రాంచి తీసుకుంటారు. టెక్సస్ ఏ అండ్ ఎంలోనూ అంతే, కోరుకున్న బ్రాంచి ఆటోమేటిక్‌గా రావాలంటే మొదటి ఏడాది జీపీఏ కనీసం 3.75 ఉండాలి. లిస్టులోని ఒక్కో కాలేజీకి "మేజర్ మారడానికి షరతులేంటి" అని ఆ యూనివర్సిటీ సైట్‌లోని పేజీనే చూపించమని అడగండి. నోటిమాట తీసుకోవద్దు.

ఇక్కడే డిగ్రీ పేరు కూడా చదవండి. "మెకానికల్ ఇంజినీరింగ్", "మెకానికల్ ఇంజినీరింగ్ టెక్నాలజీ" వేర్వేరు కోర్సులు, ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే అమెరికా సంస్థ అబెట్‌లో వాటిని చూసే కమిషన్లే వేరు. అబెట్ గుర్తింపు యూనివర్సిటీకి మొత్తంగా ఇవ్వరు, ఒక్కో ప్రోగ్రాంకు ఇస్తారు. అబెట్ సైట్‌లో యూనివర్సిటీ పేరు కొడితే ఏ బ్రాంచికి ఉందో కనిపిస్తుంది. స్టాన్‌ఫర్డ్ లాంటి చోట్ల కొన్ని బ్రాంచిలకు అది లేకపోయినా నష్టం లేదు. పేరు తెలియని కాలేజీలో సివిల్ చదివి ముందుముందు అక్కడ ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్సు తీసుకోవాలంటే మాత్రం అబెట్ లేకపోవడం పెద్ద అడ్డంకి.

ఎర్లీ డెసిషన్ గురించి కూడా చెప్పాలి. అది ముందస్తుగా ఒక్క కాలేజీకే వేసే అప్లికేషన్, సీటు వస్తే చేరి తీరాలి. విద్యార్థి, తల్లిదండ్రులు, కౌన్సెలర్ ముగ్గురూ సంతకం చేయాలి. ఆ సంతకాలు కన్సల్టెన్సీయే చేసేసి, రెండు చోట్ల వేసిందని తేలితే రెండూ పోవచ్చు. నవంబరు 1 దగ్గర పడుతుండగా "ఎర్లీ వేశాం" అని చెబితే అది ఎర్లీ యాక్షనా, ఎర్లీ డెసిషనా అడగండి. యాక్షన్‌లో కట్టుబాటు ఉండదు.

స్కాలర్‌షిప్పు, కమీషను

"ఏడాదికి 15 వేల డాలర్ల స్కాలర్‌షిప్ ఇప్పించాం" అంటారు. చాలా ప్రైవేటు కాలేజీల్లో అది అడ్మిషన్ వచ్చిన చాలామందికి ఇచ్చే తగ్గింపే, ఎవరూ ఇప్పించక్కర్లేదు. తగ్గింపు పోను మిగిలేదెంత, నాలుగేళ్ళూ వస్తుందా, ఏ జీపీఏ నిలుపుకోవాలి అనేవి ఆఫర్ లెటర్లో చూడండి. ప్రభుత్వ యూనివర్సిటీలు బయటి దేశాల పిల్లలకు అవసరాన్ని బట్టి సాయం చేయడం అరుదు. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌ల్లో ఏడాది ఖర్చు 75 వేల డాలర్లు దాటుతుంది. కుటుంబ ఆదాయంతో సంబంధం లేకుండా సీటిచ్చి, అవసరమైనంత సాయం చేసేవి ఎంఐటీ, హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్ లాంటి కొన్నే. వాటిలో సీటు "గ్యారంటీ" అన్నవాళ్ళ దగ్గర కూర్చోకుండా లేచి వచ్చేయండి.

విద్యార్థులను చేర్చినందుకు కమీషన్ ఇవ్వడాన్ని అమెరికా చట్టం అక్కడి విద్యార్థుల విషయంలో నిషేధించింది. బయటి దేశాల్లో ఉండే, ఫెడరల్ సాయానికి అర్హత లేని విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఉంది. ఏజెంటు కమీషన్ తీసుకోవడం నేరం కాదు, మీ దగ్గరా ఫీజు తీసుకుని ఆ సంగతి దాచడమే తప్పు. "ఈ లిస్టులో మీకు కమీషన్ ఇచ్చే కాలేజీలేవి?" అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. "పాత్‌వే" అన్న మాట ఆఫర్ లెటర్లో కనిపిస్తే ఆగండి. అది నేరుగా ఇంజినీరింగ్ సీటు కాదు. ముందు ఏడాది ప్రత్యేక కోర్సు చదివి, పెట్టిన జీపీఏ తెచ్చుకుంటేనే లోపలికి పంపుతారు.

ఎస్ఏటీ కోచింగ్ కూడా ప్యాకేజీలో కలిపేస్తారు. యూసీ క్యాంపస్‌లు ఆ స్కోరు చూడనే చూడవు. ఎంఐటీ, జార్జియా టెక్, పర్డ్యూ తప్పనిసరి అంటాయి. మీ లిస్టును బట్టి కొనండి.

బ్యాంకు పేపర్లు, వీసా

వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 ఫారం మీద రాసిన మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపాలి. పొదుపు, ఫిక్స్‌డ్ డిపాజిట్, బ్యాంకు మంజూరు చేసిన ఎడ్యుకేషన్ లోన్ లెటరు చెల్లుతాయి. "ఫండ్స్ మేం చూపిస్తాం" అని వారం రోజులకు ఎవరి డబ్బో వేయించి స్టేట్‌మెంట్ తెప్పించే ఏర్పాటు జోలికి పోవద్దు. వీసా కోసం తెలిసి అబద్ధం చెప్పినట్టు తేలితే అమెరికా చట్టం కింద ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది, ఆ తర్వాత ఏ వీసాకైనా అడ్డొస్తుంది. విదేశీ విద్యార్థుల రికార్డు కోసం అమెరికా ప్రభుత్వం తీసుకునే సెవిస్ ఫీజు 350 డాలర్లు, ప్రభుత్వ సైట్‌లో మీరే కట్టుకోవచ్చు.

కాలేజీ పేరు ఎప్పుడూ వినకపోతే విదేశీ విద్యార్థులను చేర్చుకోవచ్చని అమెరికా ప్రభుత్వం అనుమతించిన కాలేజీల లిస్టులో ఉందన్న ఒక్క కారణంతో నమ్మకండి. మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ ఆ లిస్టులో ఉండేది. దాన్ని వలగా నడిపింది అమెరికా ప్రభుత్వ ఇమిగ్రేషన్ విభాగం ఏజెంట్లే. 2019 జనవరిలో అరెస్టులు మొదలయ్యాక, అందులో ఇరుక్కున్న విద్యార్థుల్లో, చేర్పించిన దళారుల్లో తెలుగువాళ్ళే ఎక్కువని తేలింది. అది ఎమ్మెస్ వాళ్ళ కథే, అయినా తరగతులు, ప్రొఫెసర్లు, ల్యాబులు నిజంగా ఉన్నాయా అని చూడాల్సిన అవసరం బీటెక్‌కీ అంతే ఉంది.

డబ్బు కట్టే ముందు, కట్టాక

అగ్రిమెంటులో ఈ నాలుగూ ఉన్నాయేమో వెతకండి: కాలేజీల పేర్లు, ఒక్కో దశకు ఎంత ఫీజు, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, మీ పత్రాలు మీ అనుమతి లేకుండా మార్చం అన్న హామీ. "ఏ పరిస్థితిలోనూ రీఫండ్ లేదు" అని ఉంటే సంతకం పెట్టకండి. మొత్తం ఒకేసారి కట్టొద్దు. నగదు వద్దు, కంపెనీ అకౌంటుకే పంపి జీఎస్టీ బిల్లు తీసుకోండి. ఒరిజినల్ మెమోలు, పాస్‌పోర్టు వాళ్ళ ఆఫీసులో వదలకండి, రీఫండ్ అడిగినప్పుడు అవే తాకట్టవుతాయి.

ఇప్పటికే చిక్కుకుంటే వాట్సాప్ సందేశాలు చెరిపేయకుండా ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, చెల్లింపుల రుజువులు పోగు చేయండి, రీఫండ్ కోరుతూ రాతపూర్వకంగా నోటీసివ్వండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే అక్కడికే వెళ్ళాలి, గడువు రెండేళ్ళు. మీ పేరుతో దొంగ పత్రాలు వెళ్ళాయని తెలిస్తే పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. ఇంకా నిర్ణయం రాని కాలేజీల నుంచి ఆ అప్లికేషన్‌ను విద్యార్థే తన సొంత మెయిల్ నుంచి రాసి ఉపసంహరించుకోవాలి. ఆ ఏడాది వదిలేసుకుని వచ్చే ఆగస్టులో నిజమైన పత్రాలతో మళ్ళీ వేసుకోవడానికి అడ్డేమీ లేదు. గ్యాప్ ఇయర్‌ను అమెరికా కాలేజీలు తప్పుగా చూడవు.