ఇకాలుయిట్‌లో కిరాణా: అన్నీ ఉన్నాయి, టమాటాలతోనే తంటా

కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్ ప్రాంతానికి రాజధాని ఇకాలుయిట్‌. దీనికి బయటి ఊళ్ల నుంచి రోడ్డు లేదు. ఏడాదంతా విమానమే. వేసవిలో సముద్రం మీద మంచు కరిగాక ఓడలొస్తాయి. మా ఇంటి దగ్గరి ఈ సూపర్‌మార్కెట్‌కి వెళ్లేముందు ఇది గుర్తుంచుకోండి, లేకపోతే ధరలు చూసి బీపీ పెరుగుతుంది.

పాలు, గుడ్లు బాగానే దొరుకుతాయి. మారుమూల ఉత్తరాది ఊళ్ల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే, 2011లో మొదలైన న్యూట్రిషన్ నార్త్ సబ్సిడీ వీటికి ఉంది, ఎంత తగ్గిందో బిల్లులో వేస్తారు. తగ్గాక కూడా దేశ రాజధాని ఒటావా ధరలతో పోలిస్తే గుండె గుభేలే.

టమాటాలు మాత్రం దారుణం. పోయినవారం కొన్న ప్యాకెట్‌లో పైవరస నిగనిగలాడుతోంది, కిందివన్నీ నీరుకారి బూజు పట్టాయి. వెనక్కి తీసుకెళ్తే కౌంటర్‌లో అమ్మాయి మారుమాట లేకుండా డబ్బులిచ్చేసింది. ఆ పిల్లకోసమే ఒక స్టార్ ఎక్కువ వేస్తున్నా. మంచుతుపానుకి విమానాలు ఆగితే కూరగాయల అరలు ఖాళీ.

నాది ఒంటి బతుకు, జీతం సరిపోతుంది. నలుగురైదుగురు పిల్లలున్న ఇన్యూట్ (ఇక్కడి ఆదివాసీలు) ఇళ్లలో ఎలా నెట్టుకొస్తున్నారో! వేటకి వెళ్దామన్నా స్నోమొబైల్, పెట్రోలు, తూటాలు, అన్నిటికీ డబ్బే కావాలి. అయినా దొరికింది పదిమందికీ పంచుతారు. పక్కింటి పెద్దాయన ఆర్కిటిక్ చార్ చేప ఇస్తే చింతపండు పులుసు పెట్టి ఓ గిన్నె పంపాను. కారానికి కళ్లనీళ్లు పెట్టుకుని మరీ తిన్నాడట.

బియ్యం, పప్పులు ఇక్కడ కొనకండి, ఏడాదికి సరిపడా ఓడలో తెప్పించుకోండి. టమాటా ప్యాకెట్ మాత్రం తిరగేసి చూశాకే బుట్టలో వేయండి. ఐదుకి మూడు.