పాత యెజ్డీ, జావా బండ్లకు రెడీమేడ్ వైరింగ్ సెట్ కొనేవారికి హెచ్చరిక: రాగి పేరుతో అల్యూమినియం అంటగడుతున్నారు

పాత బండికి వైరింగ్ సెట్ ఆన్‌లైన్‌లో కొనబోతున్నవారు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. నాకు పోయిన 2,850 రూపాయల గురించి కాదు నా బాధ. మారేడుమిల్లి ఘాట్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాటాక, వెనక తమ్ముడు కూర్చుని ఉండగా, సరిగ్గా మలుపు మధ్యలో హెడ్‌లైట్ ఆరిపోయింది. ఆ క్షణంలో ఎదురుగా లారీ రాకపోవడం మా అదృష్టం.

బండి మా మేనమామది. 1979 నాటి యెజ్డీ, మైసూరులో తయారైన ఆరు వోల్టుల బండి. హెడ్‌లైట్ డూమ్ విప్పితే లోపల తీగల తొడుగులు చేతికి పొడిపొడిగా రాలుతున్నాయి. ఎలుకలు కొరికిన చోటల్లా టేపు ముద్దలు. అతుకుల మీద అతుకులు వేసే బదులు మొత్తం కొత్తది వేద్దామని, పాత బండ్ల సామాను అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణంలో పూర్తి సెట్ తెప్పించాను. ‘వంద శాతం రాగి, కంపెనీ రంగులు, ఫ్యూజ్ హోల్డర్‌తో సహా’ అని రాశారు. కింద ఒక వీడియో కూడా పెట్టారు. తీగ పోగుల దగ్గరికి అయస్కాంతం తెచ్చి, ‘చూడండి, అంటుకోవడం లేదు, అసలైన రాగి’ అంటాడు ఆ అమ్మే మనిషి. అయస్కాంతం అల్యూమినియానికీ అంటుకోదు! ఆ పరీక్షలో ఇనుము కాదని తేలుతుంది తప్ప రాగి అని తేలదు. ఈ ఒక్క మాట నాకు ముందే తట్టి ఉంటే కథ అక్కడే ఆగిపోయేది.

బిగించిన మొదటి రాత్రే వెలుగు ఆముదం దీపంలా ఉంది. దుకాణానికి ఫోన్ చేస్తే, ‘మీ డైనమో (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే భాగం) బలహీనపడింది, బ్రష్‌లు మార్చండి’ అన్నారు. మార్చాను. ఆ బ్రష్‌లు ఆనే కమ్యుటేటర్ కూడా శుభ్రం చేయించాను. బ్యాటరీ కూడా కొత్తది వేశాను. వెలుగులో మార్పు లేదు. మళ్లీ ఫోన్ చేస్తే, తమ దగ్గరే దొరికే 60/55 వాట్ల హాలోజన్ బల్బు వేసుకోమన్నారు. ఆ బండి డైనమో శక్తే 45 వాట్లు. అరవై వాట్ల బల్బు ఆరు వోల్టుల దగ్గర పది ఆంపియర్లు లాగుతుంది. అది వేసుకుంటే బండి నడుస్తుండగానే బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఆ సలహా మాత్రం నేను వినలేదు.

ఘాట్‌లో లైటు ఆరిన మరుక్షణం ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. హ్యాండిల్ కింద నుంచి సన్నగా పొగ. బండి పక్కకు ఆపి, తమ్ముడు సెల్‌ఫోన్ వెలుగు చూపిస్తుంటే సైడ్ డబ్బా తెరిచి బ్యాటరీ వైరు పీకేశాను. కొంతసేపటికి ఒక జీపు ఆగింది. ఆ డ్రైవరు సాయంతో బండిని జీపులో వేసుకుని మారేడుమిల్లి చేరాం.

మరునాడు రాజమండ్రిలో తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ముప్పై ఏళ్లకు పైగా బండ్ల వైరింగే ఆయన పని. ట్యాంకు తీసి, హ్యాండిల్ మెడ దగ్గర తీగల కట్ట మీది స్లీవ్ చీల్చారు. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పినప్పుడల్లా తీగ వంగేది అక్కడే. పోగుల్లో చాలావరకు విరిగిపోయి నాలుగైదు మిగిలాయి. కరెంటంతా ఆ నాలుగైదింటి గుండానే పోయి వేడెక్కింది, తొడుగు కరిగింది, తీగ ఫ్రేముకు తగిలి షార్ట్ అయింది. ఫ్యూజ్ ఎందుకు పోలేదని చూస్తే, అంత సన్నటి తీగకు వాళ్లు పెట్టింది 30 ఆంపియర్ల ఫ్యూజ్! ఫ్యూజ్ కంటే ముందు తీగే కాలింది.

ఆయన ఒక పోగును గోటి మీద ఆనించి బ్లేడుతో మెల్లగా గీకారు. పైన ఎర్రటి పొర లేచిపోయి లోపల తెల్లగా మెరిసింది. తర్వాత లైటర్ మంటలో పెట్టారు. పోగు కొస ముడుచుకుని చిన్న ముద్దలా కరిగింది. పక్కనే నిజమైన రాగి పోగు పెడితే ఎర్రగా కాలి, నల్లబడి, నిటారుగా అలాగే నిలిచింది. వాళ్లు వంద శాతం రాగి అని అమ్మింది పైన పూత మాత్రమే. అల్యూమినియం రాగి అంత బాగా కరెంటును మోయదు, పదే పదే వంచితే త్వరగా విరుగుతుంది, క్లిప్పుల దగ్గర తుప్పు పొర కట్టి వేడెక్కుతుంది.

ఆరు వోల్టుల బండిలో ఈ మోసం మరీ ప్రమాదం. 35 వాట్ల బల్బు పన్నెండు వోల్టుల బండిలో దాదాపు మూడు ఆంపియర్లు తీసుకుంటే, ఆరు వోల్టుల బండిలో దాదాపు ఆరు తీసుకుంటుంది. అంటే తీగ ఇంకా లావుగా ఉండాలి. తెగిన చోట తాత్కాలికంగా అతికించి, లైటు వేసి వోల్టులు కొలిచే మీటరు పెట్టాం. బ్యాటరీ దగ్గర 6.2 వోల్టులు, బల్బు దగ్గర 4.5. వోల్టేజీ అంత పడిపోతే వెలుగు మూడో వంతుకు దిగిపోతుంది. ఈ నష్టంలో కొంత ఎర్తు వైపుది, అంటే కరెంటు బల్బు నుంచి బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిది. సెట్‌లో హెడ్‌లైట్‌కు ఎర్తు వైరే లేదు. కరెంటు హ్యాండిల్ మెడలోని గ్రీజు పట్టిన బేరింగుల గుండా తిరిగి రావాలి!

ఆ సెట్ మొత్తం పీకేసి మీటర్ల లెక్కన మంచి రాగి వైరు కొన్నాం. హెడ్‌లైట్ దారికి 2.5 చదరపు మిల్లీమీటర్లది, మిగతావాటికి 1.5. బల్బు హోల్డర్ నుంచి ఎర్తు వైరు నేరుగా బ్యాటరీకి లాగాం. 15 ఆంపియర్ల ఫ్యూజ్ వేశాం. డిమ్ స్విచ్ విప్పి లోపలి కాంటాక్టులు రుద్దాం. ఇప్పుడు బల్బు దగ్గర 5.9 వస్తోంది. అదే బల్బు, అదే డైనమో. వైరుకు అయిన ఖర్చు ఏడు వందల లోపే.

డబ్బు వాపసు అడిగితే దుకాణం వారు ‘ఎలక్ట్రికల్ సామాను బిగించాక వాపసు లేదు’ అని ఒక్క ముక్క రాసి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు, వాళ్ల వీడియో, కాలిన తీగ ముక్క దాచి ఉంచాను. మీరూ ఇలాంటిది కొని ఉంటే ఏదీ పారేయకండి.

ఇప్పటికే ఇలాంటి సెట్ బిగించుకున్నవారు ఈ వారంలో రాత్రి ప్రయాణం ఉంటే ముందు ఈ పని చేయండి. హెడ్‌లైట్ వెలిగించి, హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పదిసార్లు తిప్పండి. వెలుగు ఒక్కసారి వణికినా బండి బయటికి తీయకండి. వణకకపోయినా మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, లైటు వెలుగుతుండగా ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు, రెండోది బల్బుకు కరెంటు వచ్చే క్లిప్పుకు ఆనించండి. తర్వాత బ్యాటరీ మైనస్ నుంచి బల్బు ఎర్తుకూ అలాగే చూడండి. మీటరు చూపేది ఆ దారిలో పోతున్న వోల్టేజీ. అది ఏ వైపు అర వోల్టు దాటినా స్లీవ్ చీల్చి ఒక పోగు బయటికి లాగి, బ్లేడుతో గీకి చూడండి.