క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో: ఫార్మాట్ కొట్టించే ముందు రెండు నిమిషాలు

సిస్టమ్ స్లో అయిందని గుంటూరు బ్రాడీపేటలో ఏ రిపేరు షాపుకు మోసుకెళ్లినా వినపడే మాటలు మూడే. ఫార్మాట్ కొట్టేద్దాం, ర్యామ్ పెంచుదాం, ఎస్సెస్డీ వేద్దాం. మూడూ సరైన మందులే, రోగం తెలిశాక. కేబినెట్ విప్పకుండానే రోగం డిస్కుదా కాదా అన్నది తేల్చేది క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో. విండోస్‌కు ఉచితంగా దొరుకుతుంది. స్టాండర్డ్ ఎడిషన్ జిప్ తీసుకుంటే ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ మీంచే నడుస్తుంది. షిజుకు ఎడిషన్‌లో కార్టూన్ అమ్మాయి బొమ్మ అదనం, పని మాత్రం అదే. డౌన్‌లోడ్ పేజీలో ప్రకటనలు ఎక్కువ. పెద్ద అక్షరాలతో మెరిసే ప్రతి బటన్నీ నొక్కకండి.

తెరవగానే పైన నీలం (బాగుంది), పసుపు (జాగ్రత్త), ఎరుపు (చెడింది) రంగుల్లో డిస్కు ఆరోగ్యం కనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. అసలు సరుకు కింది పట్టికలో ఉంది. దాన్ని చదివే ముందు ఒక సెట్టింగ్ మార్చాలి, ఎందుకంటే ఇది అంకెల్ని హెక్సాలో, అంటే పదులకు బదులు పదహార్ల లెక్కలో చూపిస్తుంది. అక్కడ 10 అని కనపడితే అది పదహారు. ఫంక్షన్ మెనూ, అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్‌లోకి వెళ్లి 10 డెక్ (మామూలు పదుల లెక్క) ఎంచుకోండి. ఇది మొదటి నుంచీ ఇలాగే ఎందుకు ఉంచారో అర్థం కాదు. ఈ సాఫ్ట్‌వేర్‌లో చిరాకు పుట్టించేది ఇదొక్కటే.

హార్డ్ డిస్కులో చూడాల్సిన వరుసలు 05, సి5, సి6, సి7. 05 అంటే పాడైన సెక్టార్ల (డేటా దాచే చిన్న గడుల) బదులు డిస్కు వాడేసుకున్న స్పేర్ సెక్టార్లు. ఆ అంకె చిన్నదై, నెలల తరబడి కదలకుండా ఉంటే బ్యాకప్ పెట్టుకుని కొన్నాళ్లు నడపొచ్చు. స్లోకు అసలు కారణం ఎక్కువగా సి5లో దొరుకుతుంది. చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల లెక్క అది, సి6 అంటే పరీక్షలో చదవలేకే పోయినవి. అలాంటి సెక్టార్ తగిలిందంటే డిస్కు దాన్నే మళ్లీ మళ్లీ చదవబోతుంది, ఆ కొన్ని సెకన్లూ మౌస్ తప్ప ఏదీ కదలదు. అదే సమయానికి విండోస్ తప్పుల చిట్టా రాసే ఈవెంట్ వ్యూయర్‌లో, సిస్టమ్ లాగ్‌లో 153 లేదా 7 నంబరు ఎంట్రీలు ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ఈ స్థితిలో ఫార్మాట్ కొట్టిస్తే నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తుంది. చెక్‌డిస్క్, డీఫ్రాగ్ కూడా అప్పుడే వద్దు, పోబోతున్న డిస్కును అవి గంటల తరబడి రుద్దుతాయి. ముందు టాలీ డేటా ఫోల్డర్, ఫొటోలు వేరే డిస్కులోకి కాపీ చేయండి, తర్వాతే ఏదైనా.

సి7 కథ వేరు. అది డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య డేటా చెడిన లెక్క. చాలాసార్లు దోషం ఆ రెంటినీ కలిపే సాటా కేబుల్‌దే. కేబుల్ మార్చాక కూడా ఆ అంకె తగ్గదు, పాత లెక్క అలాగే నిలిచిపోతుంది. రాసిపెట్టుకుని వారం తర్వాత చూడండి, పెరక్కపోతే పని అయిపోయినట్టే. కేబుల్‌తో పోయేదానికి డిస్కు ఎందుకు కొనాలి? ఇంకో మాట, సీగేట్ డిస్కుల్లో 01, 07 వరుసల్లో కోట్ల అంకెలు కనిపిస్తాయి. వాటి లెక్క రాసే పద్ధతే అంత, కంగారు పడొద్దు.

సెకండ్ హ్యాండ్ డిస్కు కొనేటప్పుడు అమ్మేవాడి సిస్టమ్‌లో నీలం రంగు చూసి డబ్బులివ్వకండి. ఏ అంకె దాటితే పసుపు కావాలన్నది హెల్త్ స్టేటస్ సెట్టింగ్‌లో ఎవరైనా మార్చేయొచ్చు. మీ సిస్టమ్‌కు తగిలించి, రంగు కాదు, అంకెలు చూడండి. డిస్కు ఎన్ని గంటలు నడిచిందో చెప్పే పవర్ ఆన్ అవర్స్ కూడా అక్కడే ఉంటుంది. కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లు ఈ సమాచారం అందనివ్వవు, సాటా పోర్టుకే పెట్టాలి.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోకు కనపడనివీ ఉన్నాయి. అంకెలన్నీ శుభ్రంగా ఉండి, టాస్క్ మేనేజర్‌లో డిస్కు మాత్రం వంద శాతం దగ్గర ఉంటే పక్కనే మెమరీ చూడండి. 4 జీబీ ర్యామ్ నిండిపోయి విండోస్ పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) మీద పడితే మంచి డిస్కయినా ఊపిరాడదు. అక్కడ ర్యామ్ వేయాలి. ర్యామ్ ఖాళీగా ఉన్నా హార్డ్ డిస్కు మీద విండోస్ 10 ఈడ్చుకుంటూనే ఉంటే సాటా ఎస్సెస్డీ వేయించడమే మేలు. ప్రాసెసర్ వేడి కూడా దీనికి తెలియదు. పని భారం మీద ఉన్నప్పుడు టాస్క్ మేనేజర్‌లో సీపీయూ స్పీడ్ బేస్ స్పీడ్ కంటే బాగా కిందికి పడిపోతుంటే ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్‌ను అనుమానించండి. ఇంటెల్ పెట్టెతో వచ్చే పాత ఫ్యాన్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులు, వాటిలో ఒక్కటి సరిగా దిగకపోయినా చాలు. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోతే పాతది తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెడితే సరిపోతుంది.

మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లలోని సిస్టమ్‌లకైతే సీజన్ అయ్యాక దుమ్ము దులపడం తప్పదు. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించిన దుమ్మంతా హీట్‌సింక్ రెక్కల్లోనే చేరుతుంది. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. కేబినెట్‌ను ఆరుబయటికి తెచ్చుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకున్నాకే మొదలెట్టండి.