ఆటగాడికీ బ్యాకర్‌కూ తగువు వస్తే: వీడియో మేలా, పత్రిక మేలా?

బల్ల మీద కర్రతో బంతులను రంధ్రాల్లోకి కొట్టే పూల్ ఆటలో, ఒక ఆటగాడు కెమెరా ముందు కూర్చుని గంటసేపు మాట్లాడతాడు. తన మీద డబ్బు పెట్టిన మనిషి తన వాటా ఎగ్గొట్టాడంటాడు. మరునాడు ఆ బ్యాకర్ ఒక ప్రకటన విడుదల చేస్తాడు. ఖర్చుల లెక్క చెప్పకుండా తప్పించుకున్నది ఆటగాడేనంటాడు. వారం తిరిగేసరికి ఆట చూసేవారంతా రెండు పక్షాలుగా చీలిపోతారు. వారిద్దరి మధ్య కుదిరిన ఒప్పందం ఏమిటో మాత్రం అటువారికీ తెలియదు, ఇటువారికీ తెలియదు.

ఇలాంటి తగువులు మన దాకా వచ్చే దారులు ముఖ్యంగా మూడు. ఒకరినే కూర్చోబెట్టి మాట్లాడించే వీడియో లేదా పాడ్‌కాస్ట్ మొదటిది. ఇద్దరి ప్రకటనలనూ పక్కపక్కన వేసే వార్త రెండోది. కాగితాలు, సాక్షులు, లెక్కలు చూసుకుని ఆలస్యంగా వచ్చే పత్రిక కథనం మూడోది. మూడింటిలో చివరిదే మేలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే దానికి ఒక పెద్ద లోపం ఉంది. వీడియోకు మనం సులువుగా కొట్టిపారేసే ఒక సుగుణం ఉంది.

ముందు తగువు ఎక్కడ పుడుతుందో చూద్దాం. బ్యాకర్‌ను అమెరికా పూల్ గదుల్లో స్టేక్‌హార్స్ అని కూడా అంటారు. పందెపు సొమ్ము, ఎంట్రీ ఫీజు, ప్రయాణం, హోటల్ ఖర్చు అతడు పెట్టుకుంటాడు. ఆటగాడు ఆడతాడు. గెలిచిన దాన్ని ఇద్దరూ పంచుకుంటారు, ఓడితే పోయేది బ్యాకర్ సొమ్ము. చిక్కంతా ‘మేకప్’ అనే షరతులో ఉంది. పాత నష్టం పూడిన తర్వాతే కొత్త లాభంలో ఆటగాడికి వాటా అని దాని అర్థం. చెరిసగం ఒప్పందం మీద ఆటగాడు మొదటి మ్యాచ్‌లో 10,000 డాలర్లు పోగొట్టి, రెండో మ్యాచ్‌లో 14,000 గెలిచాడనుకుందాం. మేకప్ ఉంటే ముందుగా 10,000 బ్యాకర్‌కు వెళ్తాయి, మిగిలిన 4,000లో ఆటగాడికి 2,000 వస్తాయి. మేకప్ లేకపోతే అతడి వాటా 7,000. ఆ షరతు గురించి ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకోకపోతే, ‘నాకు రావలసింది ఇవ్వలేదు’ అనే ఆటగాడూ, ‘ఇవ్వవలసిందంతా ఇచ్చేశాను’ అనే బ్యాకరూ ఎవరికి వారు నిజమే చెబుతున్నామని మనస్ఫూర్తిగా నమ్ముతారు. ఈ లెక్క చెప్పని కథనం ఎంత పొడవున్నా దానివల్ల మనకు తెలిసేది వారి కోపతాపాలే.

ఈ తగువులు కోర్టుకు పోకుండా జనం ముందుకు రావడానికి కారణం లేకపోలేదు. చాలా ఒప్పందాలు నోటిమాట మీదే నడుస్తాయి. అమెరికాలో అనేక రాష్ట్రాల్లో పందెపు ఒప్పందాలను న్యాయస్థానాలు అమలు చేయవు. ఇంగ్లండ్‌లో కూడా 1845 నుంచి ఇదే పరిస్థితి ఉండేది. 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టంతోనే అది మారింది. తీర్పు చెప్పే చోటు లేనప్పుడు మనిషికి మిగిలేది నలుగురి ముందు చెప్పుకోవడమే. అందువల్ల ఈ తగువును రాసేవారి మీద మామూలు క్రీడావార్తకు లేని భారం పడుతుంది.

వీడియో బలం గొంతులో ఉంటుంది. మాట తడబడిన చోటు, జవాబు దాటవేసిన చోటు చూసేవారికి కనిపిస్తాయి. కానీ ఎదుటి మనిషి అక్కడ ఉండడు. అడిగేవాడు తరచుగా ఆ ఆటగాడి అభిమానో, మళ్లీ అతడితోనే కార్యక్రమం చేయవలసినవాడో అవుతాడు. ‘మేకప్ ఉందా? ఎవరు ఒప్పుకున్నారు? రాతలో ఏముంది?’ అన్న మూడు ప్రశ్నలు అడిగితే పది నిమిషాల్లో తేలే సంగతి, అడగకపోవడం వల్ల గంట సాగుతుంది. పైగా కెమెరా ముందు బాగా మాట్లాడగలగడం ఒక నేర్పు. అది ఉన్నవాడి పక్షమే న్యాయంగా తోస్తుంది. టేబుల్ దగ్గర అద్భుతంగా ఆడి, నాలుగు మాటలు కూడబలుక్కోలేని ఆటగాళ్లు ఎందరో ఉన్నారు. వారి నష్టం గురించి ఎవరూ ఆలోచించరు.

ప్రకటనలను పక్కపక్కన వేసే వార్త గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. అది చూడడానికి నిష్పక్షపాతంగా ఉంటుంది. ఇద్దరు చెప్పినవీ సరిచూడకుండా అచ్చు వేయడం నిష్పక్షపాతం కాదు, శ్రమ తప్పించుకోవడం.

ఇక కాగితాలు చూసి రాసే పద్ధతి. దాని విలువ నాకు బాగా అర్థమైనది ఇంటర్నేషనల్ పూల్ టూర్ వ్యవహారంలో. 2006లో అమెరికాలోని రీనోలో ఆ టూర్ జరిపిన పోటీలో ఫిలిప్పీన్స్ దిగ్గజం ఎఫ్రెన్ రేయస్ మొదటి బహుమతి గెలిచాడు. ఆ బహుమతి 5 లక్షల డాలర్లు. పూల్ పోటీలో మొదటి బహుమతిగా అంత సొమ్ము అంతకుముందు ఎవరూ వినలేదు. శీర్షికలకు ఎక్కింది ఆ అంకె. తర్వాత ఆటగాళ్లకు సొమ్ము సమయానికి అందలేదు, వాయిదాల మీద వచ్చింది. ఆ టూర్‌ను స్థాపించిన కెవిన్ ట్రూడో టీవీ ప్రకటనల వ్యాపారి. 2004లోనే, వినియోగదారులను మోసాల నుంచి కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ చేసుకుని 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాడు. పుస్తకాల వంటివి మినహా మరే సరుకుకూ టీవీలో దీర్ఘ ప్రకటనలు చేయకూడదన్న నిషేధానికి కూడా తల ఒగ్గాడు. ఇది ఎవరైనా చదువుకోగలిగిన ప్రభుత్వ కాగితం. బహుమతి అంకె పక్కన ఆ కాగితాన్ని కూడా పెట్టి ‘ఈ సొమ్ము ఎక్కడ జమ అయి ఉంది?’ అని మొదటి రోజే అడగడం పత్రిక చేయగల పని. సొమ్ము రాని తర్వాత ఆటగాడు ఎంత ఆవేదనతో మాట్లాడినా, ఆ ప్రశ్న ముందుగా అడిగినదానికి సాటి రాదు.

1996లో డల్లాస్‌లో అమెరికా ఆటగాడు ఎర్ల్ స్ట్రిక్లండ్ ఉదంతం మరో రకం. వరుసగా పది ర్యాకులు, అంటే పది ఆటలు, ఎదుటివారికి అవకాశం ఇవ్వకుండా తుడిచిపెట్టినవారికి 10 లక్షల డాలర్లు అన్నారు. స్ట్రిక్లండ్ తుడిచిపెట్టాడు. ఆ సొమ్ముకు పూచీ పడిన బీమా సంస్థ అభ్యంతరం చెప్పింది, వ్యవహారం న్యాయవివాదమై రాజీతో ముగిసింది. ఇక్కడ వెనుక డబ్బు పెట్టినది స్టేక్‌హార్స్ కాదు, ఒక పాలసీ. దాన్ని చదవకుండా ఎవరిది న్యాయమో చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఈ పద్ధతి లోపం కూడా చెప్పాలి. పూల్ పత్రికలు చిన్నవి. 1978 నుంచి వస్తున్న బిలియర్డ్స్ డైజెస్ట్ వంటివి వేళ్ల మీద లెక్కించవచ్చు. క్యూలు అనే ఆట కర్రలు, టేబుళ్లు చేసేవారి ప్రకటనలు, పోటీల నిర్వాహకుల ప్రకటనలే ఇలాంటి పత్రికలకు ఆధారం. ఆటగాడి వెనుక ఉన్న డబ్బు, పత్రిక వెనుక ఉన్న డబ్బు ఒకే చేతిలోంచి వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆలస్యం మరో బాధ. కథనం వచ్చేలోపు ఆటగాడికి కొత్త బ్యాకర్ దొరకడు, పాత అప్పు తీరదు.

ఒక్క ఆరోపణ దగ్గర మాత్రం ఆ ఆలస్యాన్ని నేను సంతోషంగా భరిస్తాను. అది ‘డంప్ చేశాడు’ అన్న మాట. అవతలివారితో కుమ్మక్కై కావాలని ఓడిపోయాడని దాని అర్థం. ఆటగాడి బతుకు మీద ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. తేలిక బంతి ఒకటి తప్పితే చాలు, ఆ ముక్క కత్తిరించి వీడియోలో పదేపదే చూపి ‘చూడండి’ అనవచ్చు. ఒత్తిడిలో తేలిక బంతులు తప్పని ఆటగాడు ప్రపంచంలో లేడు. ఎవరెవరు ఎటు పందెం కాశారు, మ్యాచ్ తర్వాత సొమ్ము ఎవరి చేతికి పోయింది అన్నవి తెలియకుండా ఆ మాట అచ్చులో గానీ కెమెరా ముందు గానీ రానివ్వకూడదు. ఈ ఓపిక పత్రికకు ఉండగలదు, ప్రత్యక్ష ప్రసారానికి ఉండదు.

అయినా నేను వీడియో వైపు మొగ్గే సందర్భం ఒకటుంది. లెక్కల పుస్తకం మొత్తం బ్యాకర్ దగ్గరే ఉన్నప్పుడు, ఖర్చుల రసీదులన్నీ అతడి పేరు మీదే ఉన్నప్పుడు, ఆటగాడు చూపగలిగిన కాగితం ఒక్కటీ ఉండదు. తన భాష కాని దేశంలో నెలల తరబడి ఆడి, తిరుగు టికెట్ కూడా బ్యాకర్ చేతిలో పెట్టిన కుర్రాడి సంగతి ఇది. కాగితం అడిగే విలేకరి అతడికి కాగితం లేదని కథనం ఆపేస్తాడు. అప్పుడు ఆ గంట వీడియోనే ముందు చూస్తాను. అతడు చెప్పే తేదీలూ, మ్యాచ్‌లూ, మొత్తాలూ రాసుకుంటాను. అవి పట్టుకుని బ్యాకర్ దగ్గరికి వెళ్లి ఆ లెక్కల పుస్తకం తెరవమని అడిగే విలేకరి కోసం ఎదురుచూస్తాను.